గాజు గుల్ల

బెర్గెన్‌కి ఉత్తరాన, ఫెర్రీ రెండు పూటలే ఆగే రేవు మాది.
సముద్రాన్ని చదువుకునేవాళ్ళ పాత ఇటుక భవనంలో
రాత్రిళ్ళు తొట్లకి నీళ్ళు మార్చడం నా పని.
చలి ఎంతో, ఉప్పు ఎంతో పలక మీద రాయాలి.
అంతకు మించి నన్నెవరూ ఏమీ అడగరు.

మూడో తొట్లో సన్యాసి పీత.
ఆ పేరు పెట్టినవాడెవడోగానీ
దాని సంసారం చూసి ఉండడు.
చచ్చిన నత్త ఇల్లు వీపున మోస్తుంది.
ఆ ఇంటి అటక మీద ఒక పురుగు,
జానెడు పొడవు, ఎర్రన, పక్కలకి తెల్లటి చారలు.
అద్దె లేదు. రమ్మన్నదీ లేదు, పొమ్మన్నదీ లేదు.

పీత ఆల్చిప్ప మాంసం చీల్చి నోటికెత్తుకోగానే
దాని చెంప పక్కనుంచి మెల్లగా ఓ తల.
నోటికాడి కూడు అంటే
మాటవరసకనుకున్నాను ఇన్నాళ్ళూ.
దవడల మధ్యనుంచే లాక్కుని
వచ్చినంత మెల్లగా వెనక్కి పోతుంది.
మిగిలింది పీత తింటుంది.
కోపముందో లేదో
పీత ముఖంలో వెతికితే దొరికేది కాదు.

"లోపలేం చేస్తుందో చూడాలి" అంది సున్నివ.
గుల్ల పగలగొడితే చూడాల్సిన ఇల్లే పోతుంది.
అందుకని ఓడ్‌వార్‌ని పిలిపించింది.
డెబ్భై దాటినవాడు, ఒకప్పుడు పడవ దీపాలకి చిమ్నీలు ఊదినవాడు.
నత్తగుల్లని అందరిలా చెవికి ఆనించుకోలేదు,
చిటికెనవేలు దూర్చి మెలికలు లెక్కపెట్టాడు.

మొదటిది చల్లారుతూ చిట్లింది.
రెండోది చూడముచ్చటగా కుదిరింది,
పీత కాలు పెట్టి, జారి, వెనక్కి తిరిగింది.
"నున్నగా ఉంటే ఎవరు నిలుస్తారమ్మా" అన్నాడు.
మూడోదాని కడుపులో ఇసుక పోసి
పొద్దస్తమానం కుదిపి కుదిపి గరుకు చేశాడు.

పదకొండు రోజులు ఆ గాజు ఓ మూల పడి ఉంది.

నవంబరు పన్నెండు. సున్నివకి నాలుగో రాత్రి కాపలా,
కుర్చీలోనే, చేతిలో కలంతోనే నిద్ర.
ఎర్రదీపం ఒక్కటే.
మూడు నలభైకి పీత పాత ఇంటిని వదిలింది.
మెత్తటి నడుము, చూసేవాళ్ళు సిగ్గుపడేంత నగ్నం,
ఒక్క ఉదుటున గాజులోకి.
కొత్త ఇంటిని ఈడ్చుకుంటూ రెండు జానలు నడిచింది.

పురుగు పాత గుల్లలోనే ఉండిపోయింది.

లేపాలి కదా నేను.
ఈ ఒక్క పూట కోసం ఏడాదిగా పడిగాపులు ఆమెవి.
బకెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఈడ్చే చప్పుడు నాకు వినబడదు.
ఇసుకకి తెలుస్తుంది, ఇసుక దానికి చెబుతుంది.
పాత గుమ్మంలో తల కనిపించింది.
తర్వాత ఒళ్ళంతా,
నేనెన్నడూ చూడని ఒళ్ళంతా,
ఏ చేపైనా ఒక్క గుటకలో మింగే ఆరుబయట
నూరు కాళ్ళతో ఇసుక తడుముకుంటూ
పీత ఆగితే ఆగి,
కదిలితే కదిలి.
ఆరు నిమిషాలు.
పీత డెక్క ఎత్తింది. కొడుతుందనుకున్నాను.
పురుగు ఆ కాళ్ళ సందునుంచి
మనింట్లోకి మనం వెళ్ళినట్టు వెళ్ళిపోయింది.

గాజులోంచి అంతా తేటగా ఉంది.
మెలిక మెలికకీ ఒదుగుతూ పైదాకా పోయి
చుట్టూ పలచగా జిగురు నేసుకుని
ఒళ్ళు అలలా ఆడించడం మొదలెట్టింది.
పీత వీపు వెనక నీళ్ళు కదిలాయి.
అది దాని ఊపిరో, దీనికి ఉపకారమో
బకెట్ మోసేవాణ్ణి, నాకేం తెలుసు.

లేచాక సున్నివ రాసుకుంది,
"మూడున్నరకీ నాలుగున్నరకీ మధ్య. చూడలేదు."
ఆ మధ్యలో నేనున్నాను.
చెప్పబోయి, చేతులు తుడుచుకున్నాను.

పొద్దున ఓడ్‌వార్ వచ్చాడు,
కోటు విప్పకుండానే వంగి చాలాసేపు చూశాడు.
పురుగుని కాదు, పీతనీ కాదు.
"అదిగో, రెండో మెలికలో బుడగ ఉండిపోయింది.
ఊదుతుంటే దగ్గొచ్చింది ఆ రోజు."

పురుగు దాని పక్కనే పడుకుని ఉంది.
పలక మీద రాశాను: తొమ్మిది డిగ్రీలు.